చెత్త టెండరులో చెక్క ఉయ్యాల

ఆ రోజు ఆ ఇంట్లో మొగుడికో పని, పెళ్ళానికో పని. సాయంత్రం ఆస్పత్రి నుంచి కూతురు పసిబిడ్డతో వస్తోంది కాబట్టి ఆలోపు ఆయన పాత చెక్క ఉయ్యాలకు రంగు వేసి ఆరబెట్టాలి. ఆవిడ పురపాలక సంఘంలో పారిశుద్ధ్య అధికారి కాబట్టి నాలుగు గంటలకు చెత్త టెండరు తేల్చేసి, దారిలో మనవరాలికి ఒక మెత్తని దుప్పటి కొనుక్కుని ఇల్లు చేరాలి. ఇందులో గందరగోళానికి చోటెక్కడుందని మీరు అడగవచ్చు. వాళ్ళూ అలాగే అనుకున్నారు.

ఊళ్ళో ఆవిడను అందరూ సీలు మేడమ్ అంటారు. టెండరు కవరైనా, టెండరు పెట్టె అయినా, ఆఖరికి ఆఫీసులో పంచదార డబ్బా అయినా సరే, లక్క కరిగించి ముద్ర కొడితే గాని ఆవిడకు స్థిమితం ఉండదు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఈ కథ చెబుతున్నవాడికి మాత్రం ఆవిడంటే గౌరవం. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే తరవాత ఎవరికీ పేచీ ఉండదు.

ఆ ఊరి చెత్త ఎత్తే పని ఏళ్ళ తరబడి ఒకే కాంట్రాక్టరు చేతిలో ఉంది. ఎత్తే పని అంటే, ఎత్తవలసిన పని అని అర్థం. అతని లారీలు కొత్త అల్లుళ్ళ లాంటివి; పదిసార్లు పిలిచి, బతిమాలితే గాని గుమ్మం తొక్కవు. టెండరు పిలిచినప్పుడల్లా ఏదో ఒక లోపం బయటపడేది, టెండరు రద్దయ్యేది, కొత్త టెండరు పిలిచేదాకా పని పాత కాంట్రాక్టరుకే పొడిగించేవారు. అందుకే జనం అతని పేరు మరచిపోయి "పొడిగింపుగారు" అనడం మొదలుపెట్టారు. ఆయన కూడా అలా పిలిస్తేనే పలుకుతున్నాడు.

తక్కువ ధర వేసినవాడికే పని ఇవ్వాలన్న ఒక్క నిబంధన వల్ల లాభం లేదని సీలు మేడమ్ ఎప్పుడో గ్రహించింది. ధర ఎవరైనా వేస్తారు, చెత్త ఎవరు ఎత్తుతారన్నది కదా ప్రశ్న! అందుకని కమిషనరును ఒప్పించి, ఈసారి టెండరులో పరీక్ష పెట్టింది. టెండరు వేసిన ముగ్గురూ ఒకే వార్డులో ఒకే పూట చెత్త ఎత్తాలి. మధ్యాహ్నం లోపల మునిసిపల్ వేబ్రిడ్జి దగ్గర తూకం వేయించాలి. తూకమైన ప్రతి బండికీ టార్పాలిన్ కప్పి, తాడు కట్టి, ముద్ర వేస్తారు. నాలుగు గంటలకు అందరి ముందూ విప్పి, చెత్త కానిది ఏదైనా ఉంటే దాని బరువు తీసేస్తారు. ఎక్కువ చెత్త తెచ్చినవారిదే పని. ఏ వార్డన్నది చీటీ తీస్తే, ఆవిడ ఉండే వార్డే వచ్చింది.

"ఈసారైనా తెగుతుందంటారా మేడమ్?" అన్నాడు కమిషనరు ముందు రోజు.

"తెగుతుంది సార్. రూలు ప్రకారం పోతే ఎవరూ ఆపలేరు."

"ఎక్కడైనా రూలు తప్పితే?"

"టైముకి ముందు ఒక్క ముద్ర ఊడినా టెండరు రద్దు. పోటీదారుల దగ్గర మనం పూచికపుల్ల పుచ్చుకున్నా రద్దు. రద్దయితే తెలుసుగా, మళ్ళీ పొడిగింపే."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో బడిపిల్లకు పరీక్ష తప్పినంత దిగులు కనిపించింది. ఊరు బాగుపడాలన్న కోరిక అంత నిజంగా ఉన్న మనుషులు ఆ ఆఫీసులో ఎక్కువమంది లేరు.

తెల్లవారింది. ఆవిడ బయలుదేరుతూ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, చెత్త సంచి గేటు దగ్గర పెట్టండి. ఇవాళ బండొస్తుంది," అంది.

"మన వీధికా? బండా? కలగన్నావా?"

"ఒకటి కాదు, మూడొస్తాయి."

ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. పని మొదలుపెడితే లోకం తెలియదు. ఉయ్యాలను ఏ ముక్కకు ఆ ముక్క విప్పి, అన్నిటికీ లేత ఆకుపచ్చ రంగు వేశాడు. ఆ ఉయ్యాలలో సీలు మేడమ్ పెరిగింది, ఆవిడ కూతురు పెరిగింది. కూతురికి పళ్ళు వస్తున్నప్పుడు కొరికిన గాట్లు పక్క కమ్మీ మీద ఇంకా ఉన్నాయి. వాటిని మాత్రం రంగుతో పూడిపోకుండా సన్న కుంచెతో చుట్టూ గీసుకుంటూ వచ్చాడు. తరవాత ఎండ బాగా తగిలే చోటు వెతికితే గేటు బయటి అరుగు కనిపించింది. అక్కడ పాత పేపర్లు పరిచి ముక్కలన్నీ ఆరబెట్టాడు. పక్కనే చెత్త సంచి పెట్టాడు. చేతులు కడుక్కుని టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

అదే సమయానికి వీధుల్లో ఎన్నడూ చూడని వింత జరుగుతోంది. రెండు వారాలుగా మూలమూలలా పేరుకుపోయిన గుట్టలు ఎండెక్కకముందే మాయమైపోయాయి. ఒకవైపు పొడిగింపుగారి లారీలు, ఒకవైపు ట్రాక్టర్లు అద్దెకు తిప్పే అన్నదమ్ములు, మరోవైపు పాత సామాన్ల కొట్టు నడిపే అక్క, ఆవిడ రెండు ఆటోలు. ఊడ్వడానికి నేల, ఎత్తడానికి చెత్త మిగలకపోయేసరికి ముగ్గురూ ఇళ్ళ మీద పడ్డారు. ఎదురింటి పిన్నిగారి గుమ్మం ముందు పొడిగింపుగారు స్వయంగా చేతులు జోడించి నిలబడ్డాడు.

"అమ్మా, ఇంట్లో ఇంకేమైనా చెత్త ఉంటే ఇప్పించండి."

పిన్నిగారు నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఉంది. కానీ నీకెందుకివ్వాలి? ట్రాక్టరు అబ్బాయిలైతే పెరడు కూడా ఊడ్చిపెడతామన్నారు."

"నేను మిద్దె కూడా ఊడిపిస్తానమ్మా!"

"నీళ్ళ తొట్టి కడిగిస్తావా?"

"కడిగిస్తాను."

"అయితే పక్కింటివాళ్ళనడిగి చెబుతాలే. మేమంతా ఒకే మాట మీదున్నాం," అంది పిన్నిగారు.

ఈ పక్క ఆఫీసులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎన్నేళ్ళుగానో చెత్త ఎత్తడం లేదని చేసిన ఫిర్యాదులు విని విని అలవాటుపడ్డ గుమాస్తాకు ఈ కొత్త ఫిర్యాదులు ఏ ఖాతాలో వెయ్యాలో పాలుపోలేదు. మా ఇంటి చెత్త మేము దాచుకుంటే ఎవరో ఎత్తుకుపోయారని ఒకరు, పాత చాప చెత్త కాదని ఎంత చెప్పినా వినకుండా లాక్కుంటున్నారని ఒకరు. సీలు మేడమ్ అందరికీ ఒకే జవాబు చెప్పింది. "అడక్కుండా తీసుకుంటే నాలుగింటికి వచ్చి చెప్పండి. అందరి ముందూ విప్పుతాం."

మాస్టారు టీ తాగి బయటికి వచ్చేసరికి అరుగు మీద చెత్త సంచి లేదు. అందుకు ఆయన సంతోషించాడు. ఆ తరవాత పక్కకు చూశాడు. పేపర్లు కూడా లేవు.

ఉన్నపళంగా చెప్పులేసుకుని వీధిన పడ్డాడు. కనిపించిన బండినల్లా ఆపాడు. సందు చివర పొడిగింపుగారు చెమట తుడుచుకుంటూ కనిపిస్తే అతన్నీ ఆపాడు.

"ఏవయ్యా, ఉయ్యాల కనిపించిందా? ఆఫీసరమ్మగారి ఇంటి ఉయ్యాల. సాయంత్రం మనవరాలొస్తోంది, ఇంట్లో ఉయ్యాల లేదు!"

పొడిగింపుగారు ఆ మాటను ఒకటికి రెండుసార్లు నమలసాగాడు. ఆఫీసులతో అతనికి చాలా అనుభవం ఉంది. ఒక ఆఫీసరు ఇంట్లో ఫలానాది లేదని ఇంటివాళ్ళే వచ్చి చెబితే దానికి ఒకటే అర్థమని ఆ అనుభవం అతనికి నేర్పింది. మాస్టారు అటు వెళ్ళగానే డ్రైవరును పిలిచాడు.

"ఇన్నాళ్ళకి మేడమ్ నోరు విప్పింది. అందుకే మొగుణ్ణి పంపింది. పెద్ద కొట్టుకెళ్ళి మంచి ఉయ్యాల, దోమతెర ఉన్నది పట్రా. రసీదు మాత్రం మర్చిపోకు, ఖర్చుల్లో రాసుకోవాలి."

ఆ మాటలు పక్క సందులో చెత్త కోసం కాచుకుని ఉన్న ట్రాక్టరు అన్నదమ్ముల్లో తమ్ముడు విన్నాడు. విని అన్న దగ్గరికి పరుగెత్తాడు. పోటీ అంటే అన్నిటిలోనూ పోటీయే అని తేల్చుకుని, వాళ్ళు గిలక్కాయలు వేలాడే ఎర్ర ఉయ్యాలకు ఆర్డరిచ్చారు.

మాస్టారు వేబ్రిడ్జి చేరేసరికి తూకమైపోయిన బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటికీ టార్పాలిన్లు, ముడులు, ముడుల మీద ఎర్రటి లక్క ముద్రలు. మొదటి లారీ వెనక చెక్క మీద లేత ఆకుపచ్చ రంగు చార ఒకటి మెరుస్తోంది. తాను కలిపిన రంగును ఆయన ఎక్కడున్నా గుర్తుపడతాడు.

"ఇందులో మన ఉయ్యాల ఉంది," అన్నాడు అక్కడ ముద్రలు వేస్తున్న భార్యతో.

సీలు మేడమ్ ఆ చారను చూసింది. "ఉండొచ్చు."

"ఉండొచ్చేంటి, ఉంది! ఆ తాడు కాస్త వదులు చెయ్యి. చెయ్యి పెట్టి లాగేసుకుంటా."

"ఆ ముద్ర వేసింది నేనే. నాలుగయ్యేదాకా నేను కూడా ముట్టుకోకూడదు."

"నేను ముట్టుకుంటా. నాకు ఉద్యోగం లేదుగా!"

"మీరు నా మొగుడు కదండీ. మీకున్న పెద్ద అనర్హత అదే."

"నీ మనవరాలి కంటే నీకు టెండరే ఎక్కువా?"

ఆవిడ చెయ్యి తాడు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఆ ముద్ర ఊడితే పొడిగింపుగారు ఒక్క మాటతో టెండరు రద్దు చేయించగలడని ఆవిడకు తెలుసు. ఊడకపోతే, ఆ టార్పాలిన్ కింద తన ఉయ్యాల కుళ్ళిన కూరగాయల మధ్య నలిగిపోతూ ఉంటుందనీ తెలుసు. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

"దానికి ఉయ్యాలా కావాలి, చెత్త లేని వీధీ కావాలి. రెండూ నాలుగింటికే," అంది చివరికి. కళ్ళజోడు తీసి తుడుచుకుని తరవాతి బండికి లక్క కరిగించడం మొదలుపెట్టింది.

మాస్టారు ఉసూరుమంటూ ఇంటికి తిరిగివచ్చాడు. వచ్చేసరికి గేటు బయట ఉయ్యాలలున్నాయి. ఒకటి కాదు, రెండు. ఒకదానికి దోమతెర, ఒకదానికి గిలక్కాయలు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. తెచ్చిన కూలీని అడిగితే "మేడమ్ గారి అభిమానులు పంపారు" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. మాస్టారు భార్యకు ఫోను చేశాడు.

"గేటు లోపల పెట్టారా, బయటా?" అంది ఆవిడ.

"బయటే."

"లోపలికి రానివ్వకండి! ఎవరు పంపారో తేలకపోతే ముగ్గురి మీదా అనుమానమే. ముగ్గురూ పోతే టెండరు పోయినట్టే. మీరు దయచేసి ఏమీ చెయ్యకండి."

ఏమీ చెయ్యకుండా ఉండడం మాస్టారికి చేతనైన పనే. కానీ అరుగు మీద కూర్చుని ఆ మెరిసే ఉయ్యాలలను చూస్తూ ఉంటే ఆయనకు కోపం నషాళానికంటింది. తన ఇంటి ఉయ్యాలను ఎత్తుకుపోయి, దానికి బదులు లంచాన్ని నిలబెట్టారు! సరిగ్గా అప్పుడే పాత సామాన్ల అక్క ఆటో వచ్చి ఆగింది. అక్క దిగి ఉయ్యాలలను చుట్టూ తిరిగి చూసింది.

"మాస్టారూ, ఇవి చెత్తేనా?"

"చెత్తే!" అన్నాడు మాస్టారు లేచి నిలబడి. "పక్కా చెత్త! ఇంతకంటే కంపు కొట్టే చెత్త ఈ ఊళ్ళో దొరకదు. తీసుకుపొండి!"

"కవర్లు కూడా విప్పలేదండీ. మళ్ళీ ఒకసారి ఆలోచించుకోండి."

"ఆలోచించే అంటున్నా!"

అక్క ఇంకోసారి అడిగి, ఇంకోసారి అదే మాట అనిపించుకుని, అప్పుడు ఎక్కించుకుంది. మాస్టారికి మనసు తేలికపడింది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మళ్ళీ వేబ్రిడ్జికి బయలుదేరాడు. ఆ తాళానికి రెండో చెవి ఎవరి దగ్గరా లేదు.

కాబట్టి నాలుగు గంటలకు ముద్రలు విప్పే వేళకు కూతురు, అల్లుడు, పసిబిడ్డ కూడా వేబ్రిడ్జి దగ్గరే ఉన్నారు. తాళం వేసిన గుమ్మం ముందు నిలబడలేక, పిన్నిగారు చెప్పిన దారిన వచ్చేశారు. పాప తల్లి చేతుల్లో ఆదమరచి నిద్రపోతోంది.

"అమ్మా, ఇప్పుడే పడుకుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడారంటే ఊరుకోను," అంది కూతురు. ఆ చూపుకు కమిషనరు కూడా గొంతు తగ్గించేశాడు. అలా ఆ ఊరి చరిత్రలో మొదటిసారి ఒక టెండరు గుసగుసల్లో తెరుచుకుంది.

మొదటి లారీ విప్పారు. చెత్త కింద తడి ఇసుక బయటపడింది. ఇసుక కింద పార్కులో ఉండవలసిన సిమెంటు బల్ల. వాటితో పాటు లేత ఆకుపచ్చ ముక్కలు, వాటి నిండా అతుక్కుపోయిన ఉల్లిపొట్టు.

"ఇది నా ఇంటి సామాను సార్," అంది సీలు మేడమ్ మెల్లగా. "దీని సంగతి నేను తేల్చకూడదు. మీరే తేల్చండి." అని నాలుగడుగులు వెనక్కి వేసి జనంలో నిలబడింది. మాస్టారు ఫిర్యాదుదారులందరిలాగే ముందుకు వచ్చి, కమ్మీ మీది పంటిగాట్లు చూపించాడు. కూతురు వంగి చూసి, "ఇవి నావే," అని సిగ్గుపడింది.

"గేటు బయట ఉంటే చెత్తే అనుకున్నామండీ," అని గొణిగాడు పొడిగింపుగారు. కమిషనరు మెత్తని మనిషి. పొరపాటే కావచ్చని ఉయ్యాల బరువు, ఇసుక బరువు, బల్ల బరువు తీయించి వదిలేశాడు.

అన్నీ తీసేశాక పొడిగింపుగారి లెక్క బాగా పలచబడింది. అయినా ట్రాక్టరు అన్నదమ్ములు వెనకే ఉన్నారు. ఇక మిగిలింది అక్క. ఆవిడ ఆటోలు విప్పి లెక్క చూస్తే, పొడిగింపుగారి కంటే రవ్వంత ఎక్కువ. సరిగ్గా అప్పుడు అతని కళ్ళు దోమతెర మీద పడ్డాయి.

"అవి తీసెయ్యాలి," అన్నాడు గుసగుసగా. "కొత్త సామాను. చెత్త కాదు. అవి తీస్తే నేనే గెలుస్తా."

"ఇంటాయన చెత్తన్నాకే తీసుకున్నా. మూడుసార్లు అడిగా," అంది అక్క, అదే గొంతుతో.

సీలు మేడమ్ భర్త వైపు తిరిగింది. "మీరన్నారా?"

"అన్నా. పక్కా చెత్తన్నా."

"సొంతదారు చెత్తంటే అది చెత్తే. నిబంధన," అన్నాడు కమిషనరు, తనకు గుర్తున్న ఒక్క నిబంధన పనికొచ్చినందుకు మురిసిపోతూ.

"ఆయన సొంతదారెలా అవుతాడు?" పొడిగింపుగారి గుసగుస కాస్త పెరిగింది.

"మరి సొంతదారెవరు?" అంది సీలు మేడమ్. ఆవిడ వల పన్ని అడగలేదు. నిజంగానే ఆ సంగతి తెలియక, తేలక, మాస్టారి ఫోను వచ్చినప్పటి నుంచి కుమిలిపోతూ అడిగింది.

పొడిగింపుగారికి ఏళ్ళ తరబడి చేతిలో ఉన్న పని ఒక ఉయ్యాల బరువుతో జారిపోతోంది. ఆ ఉయ్యాల ఖరీదు అతనిదే. ఇక ఆగలేకపోయాడు.

"నేనే!" అని అరిచాడు, జేబులోంచి రసీదు తీసి గాలిలో ఊపుతూ. "నేను పంపిందది! మేడమ్ ఇంటికి నేనే పంపా! ఇదిగో రసీదు!"

పాప ఉలిక్కిపడి కెవ్వుమంది. ఆ ఏడుపు మధ్యే ట్రాక్టరు తమ్ముడు అన్న భుజం తట్టి, "అన్నా, ఎర్రది మనదని మనం కూడా చెప్పేద్దాం. దాని బరువు కూడా తీసేస్తారు," అన్నాడు అందరికీ వినిపించేలా. అన్న తల పట్టుకున్నాడు.

సీలు మేడమ్ మనవరాలిని చేతుల్లోకి తీసుకుంది. జోకొడుతూనే, ఎక్కడా తడబడకుండా, పోటీదారులు అధికారి ఇంటికి కానుక పంపితే, అధికారి పుచ్చుకోకపోయినా పంపినవాళ్ళు పోటీకి అనర్హులన్న నిబంధన పూర్తిగా అప్పజెప్పింది. పాప దాన్ని వింటూ మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

"అయితే ఒక్కరే మిగిలారు కదా మేడమ్? పోటీ లేదని రద్దయిపోదూ?" కమిషనరు భయంగా అడిగాడు.

"పోటీకి ముగ్గురూ వచ్చారు సార్. ఓడినవాళ్ళనీ, దొరికిపోయినవాళ్ళనీ కలుపుకుంటే ముగ్గురే."

అక్కకు పని దక్కింది. ఆ కొత్త ఉయ్యాలలు రెండూ కమిషనరు ఉత్తర్వుతో ఆస్పత్రి ప్రసూతి వార్డుకు చేరాయి. పాత ఉయ్యాలను మాస్టారు కడిగి, ఉల్లిపొట్టు గీకి, మళ్ళీ రంగు వేశాడు. ఈసారి గేటు లోపల, వరండాలో ఆరబెట్టాడు. అది ఆరేదాకా పాప అమ్మమ్మ పక్కలోనే పడుకుంది. దుప్పటి కొనడం అమ్మమ్మ మరచిపోయింది. కూతురు ఆ విషయం రెండు రోజులు ఎత్తి ఎత్తి పొడిచింది గాని, వేబ్రిడ్జి దగ్గర వెనక్కి నాలుగడుగులు వేసి జనంలో నిలబడ్డ అమ్మను మాత్రం స్నేహితులందరికీ ఫోనులో వర్ణించి చెప్పింది.

ఇప్పుడా వీధికి రోజూ బండి వస్తోంది. అక్క ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "ఇది చెత్తేనా?" అని అడిగి మరీ ఎత్తుతోంది. పిన్నిగారికి మాత్రం, నీళ్ళ తొట్టి కడిగిస్తానన్న రోజులే బాగున్నాయట.

తరవాతి టెండరు ప్రకటనలో సీలు మేడమ్ ఒక్క నిబంధనే కొత్తగా చేర్చింది: పరీక్ష జరిగే రోజున అధికారుల భర్తలు ఆరుబయట ఏ వస్తువుకూ రంగు వేయరాదు.